రేవతి రాసిన శరీరం

హిజ్రా రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథలో నన్ను ప్రతిసారీ నిలబెట్టేసే చోటు దిండిగల్ ఆస్పత్రి. ముంబయిలోని గురువు డబ్బు చేతిలో పెట్టి, దీవించి పంపితే, తనలాంటి ఇంకో చేలాతో (శిష్యురాలితో) కలిసి రేవతి లింగమార్పిడి ఆపరేషన్‌కి అక్కడికి వెళ్తారు. హిజ్రాలు దాన్ని నిర్వాణం అంటారు. ఇంత పెద్ద ఘట్టం రాగానే రాసేవాళ్ల గొంతు మామూలుగా మారిపోతుంది. కొందరు పురాణం అందుకుంటారు, కొందరు చదివేవాళ్లను ఏడిపించే పనిలో పడతారు. రేవతి గొంతు మారదు. నడుముకి పొడిచిన మత్తుసూది, మెలకువలో ఉండగానే జరిగిన కోత, తర్వాతి మంట, మూత్రం రావడానికి పడ్డ యాతన, ఆస్పత్రివాళ్ల నిర్లక్ష్యం, కనిపెట్టుకుని ఉండేందుకు ఇంకెవరూ లేక ఒకరికొకరు ఆసరా అయిన ఇద్దరు రోగులు, గాయం పచ్చిగా ఉండగానే తిరుగు రైలు. ఏది ముందు జరిగితే అది ముందు. ఏది ఎంత నొప్పి పెడితే అంత జాగా. ఒక్క విశేషణం ఎక్కువ పడదు.

ఈ పొదుపు వెనక ఎంత సాధన ఉందో పుస్తకం చరిత్ర చూస్తే తెలుస్తుంది. తమిళనాడులో నామక్కల్ దగ్గరి పల్లెలో దొరైసామిగా పుట్టిన రేవతి ముందుగా రాసింది తన కథ కాదు. బెంగళూరులో లైంగిక అల్పసంఖ్యాకుల హక్కుల కోసం పనిచేసే 'సంగమ' సంస్థలో చేరి, తమిళనాడు అంతా తిరిగి, తోటి హిజ్రాల చేత వాళ్ల బతుకులు చెప్పించి, ఆ మాటలను 2004లో 'ఉణర్వుం ఉరువముం' అనే తమిళ పుస్తకంగా తెచ్చారు. ఇతరుల నోటి మాటకు అన్నాళ్లు చెవి ఒగ్గాక గానీ తన గురించి కలం పట్టలేదు. ఆ రాతప్రతిని వి. గీత ఇంగ్లీషు చేయగా 2010లో పెంగ్విన్ వేసింది. తమిళ మూలం 'వెళ్ళై మొళి' ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఇంగ్లీషు నుంచి పి. సత్యవతి గారు తెలుగు చేసిన 'ఒక హిజ్రా ఆత్మకథ'ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం ఈ పుస్తకానికే దక్కింది.

పురస్కారం వచ్చిన పుస్తకంగా దీని పేరు చాలామంది విన్నారు. దీనిలోని పనితనం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. హిజ్రా జీవితం లోపలి సంగతులు చెప్పే పుస్తకమనో, కష్టాల చిట్టా అనో పక్కన పెట్టేశారు. నా దృష్టిలో రేవతి చేసిన అసలు పని వేరు. మగదేహంతో పుట్టిన ఒక స్త్రీ తన దేహాన్ని తనదిగా చేసుకునే దారిలో జరిగే ప్రతి మార్పు పక్కనా ఆమె ఒక మనిషిని నిలబెట్టారు. జుట్టు పెరిగితే పెంచనిచ్చినది ఎవరు, కోస్తే కోసింది ఎవరు, గాయానికి నీళ్లు కాచింది ఎవరు, కొత్త పేరుతో మొదట పిలిచింది ఎవరు. ఆసరా కోసం వెతుకులాట, దేహంలో మార్పు అనే రెండు కథలు ఇందులో ఒకే కథగా నడుస్తాయి. వాటిని విడదీసి చెప్పగలిగే చోటు నాకు ఒక్కటీ కనిపించలేదు.

పల్లెలో మొదలుపెడదాం. అక్కతో సమానంగా వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, గిన్నెలు తోమే పిల్ల. బడిలో 'తొమ్మిదో నంబరు' (ఆడంగి) అని వెక్కిరింపు. అమ్మోరి జాతరలో మగపిల్లలు వేషాలు కడతారు. ఈ పిల్ల కురత్తి అనే ఆడవేషం కట్టింది. అచ్చం ఆడపిల్లలా ఉన్నాడని ఊరంతా మెచ్చుకుంది. వేషం తీసి మళ్లీ చొక్కా నిక్కరు తొడుక్కున్నప్పుడు ఆ పిల్లకు కలిగిన భావన ఏమిటంటే, వేషం ఇప్పుడు వేసుకున్నానని. ఈ సంగతిని ఇంకో రచయిత అయితే అధ్యాయం చివరకు తోసి, చప్పట్ల కోసం అక్కడ ఆపేవారు. రేవతి దాన్ని మధ్యలో చెప్పి, ఇంటికి వెళ్లడం, మర్నాడు బడి, తిట్లు అంటూ సాగిపోతారు. ఆ వయసులో ఆ పిల్లకు అది సిద్ధాంతం కాదు గదా, ఒక సాయంకాలం కలిగిన తబ్బిబ్బు మాత్రమే. దాన్ని అంత చిన్నదిగానే ఉంచడం గొప్ప విచక్షణ. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ జాతరలో ఊరు ఇచ్చిన మెప్పు ఆ పిల్లకు దొరికిన మొదటి ఆసరా. ఏడాదికి ఒక్క రాత్రి, వేషమని చెప్పుకుంటేనే దొరికే ఆసరా. అదే ఊరు మిగతా రోజుల్లో రాళ్లు రువ్వింది.

ఈ పుస్తకాన్ని జుట్టు వెంట చదవమంటాను. ఆమె ఏ దశలో ఉన్నారో జుట్టు పొడవు చెప్పేస్తుంది. నామక్కల్ కొండకోట దగ్గర తనలాంటి వాళ్లు కలిసి, వాళ్ల ద్వారా హిజ్రాల ఉనికి తెలిసి, ఇంటి నుంచి పారిపోయి ఢిల్లీ చేరాక గురువు పెట్టే మొదటి నియమాల్లో ఒకటి జుట్టు పెంచడం. గడ్డం గీయకూడదు, చిమటాతో ఒక్కో వెంట్రుకా పీకాలి. గీస్తే గరుకు మిగులుతుంది, పీకితే చర్మం నున్నబడుతుంది అనేది జమాత్‌లో, అంటే హిజ్రాల సమాజంలో, తరతరాల అనుభవం. మార్పు ఒక రోజులో జరిగే అద్భుతం కాదని, పొద్దున్నే అద్దం ముందు కూర్చుని కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చేసుకునే చాకిరీ అని పాఠకుడికి అర్థమయ్యేది ఇక్కడే. ఆ చిమటాను ఎలా పట్టుకోవాలో నేర్పేది ఇంకో హిజ్రా. తల్లి కూతురికి జడ వేయడం నేర్పినట్టు నేర్పుతుంది.

తర్వాత ఇంటికి తిరిగి రావడం. పెరిగిన జుట్టును ముడిచి దాచుకుని, మగ బట్టల్లో అమ్మను చూడటానికి వస్తే అన్న క్రికెట్ బ్యాటుతో కొడతాడు. ఇంట్లోవాళ్లు జుట్టు తీయించేస్తారు. దెబ్బల కంటే జుట్టు పోవడమే ఆమెను కుంగదీసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు రేవతి అన్నను రాక్షసుడిగా చిత్రించరు. పరువు పోతుందని అతనికి ఉన్న భయం, అమ్మ ఏడుపు, నాన్న మౌనం అన్నీ ఆ గదిలో ఉంటాయి. అయినా కొట్టినవాడు కొట్టినవాడే. క్షమించేశానని ఎక్కడా అనరు. నిజాయితీ అంటే ఇదని నాకు అనిపిస్తుంది: కోపాన్ని పెంచి చూపకుండా, తుడిచివేయకుండా రాయడం.

దిండిగల్ తర్వాత వచ్చే నలభై రోజులు ఈ పుస్తకానికి గుండెకాయ. నిర్వాణంలో రెండు దారులున్నాయని రేవతి వివరంగా చెబుతారు. ఒకటి జమాత్‌లోని అనుభవజ్ఞురాలైన తాయమ్మ చేతిమీదుగా జరిగేది, రెండోది డాక్టరు చేసేది. ఆమెది రెండోది. ఏ దారైనా తర్వాతి నలభై రోజులు బాలింతకు చేసినట్టే చేస్తారు. పాలు పోయని టీ, పథ్యం, వేడినీళ్ల కాపడం. మగవాళ్ల కంట పడకూడదు, అద్దం చూడకూడదు, తల దువ్వకూడదు. నలభయ్యో రోజున పసుపు రాసి, స్నానం చేయించి, కొత్త చీర కట్టి, అమ్మవారి ముందు కూర్చోబెట్టి, అప్పుడు అద్దం ఇస్తారు. వైద్య విద్యార్థులకు నేను ముందుగా చదివించాలనుకునే పేజీలు ఇవి. ఆస్పత్రి కోత కోసి పంపేసింది. మానడానికి కావలసిన ఏర్పాటంతా చదువులేని ఆడవాళ్లు చేశారు. విశ్రాంతి, ఒకరు ఎప్పుడూ పక్కన ఉండటం, ఎదురుచూడటానికి ఒక తేదీ, ఆ తేదీన అందరూ కలిసి చేసే వేడుక. శస్త్రచికిత్స తర్వాత కుంగుబాటు రాకుండా మానసిక వైద్యులు ఇవాళ చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఆ ఆచారంలోనే ఉన్నాయి.

అయితే ఆ ఆచారానికి తెలియనిదీ ఒకటుంది. దాన్ని ఇక్కడ చెప్పకపోతే ఈ పరిచయం అసంపూర్ణం. వృషణాలు తీసేశాక దేహంలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. దాని స్థానంలో ఈస్ట్రోజెన్ అందకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు గుల్లబారతాయి, నీరసం ఆవరిస్తుంది. మగ రక్తం బయటికి పోయి ఆడతనం దానంతటదే వస్తుందని జమాత్‌లో నమ్మకం. కానీ ఆపరేషన్ ఒక్కటే రొమ్ములు ఇవ్వదు. అది హార్మోన్ల పని, నిదానంగా జరిగే పని. ఎండోక్రైన్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో చర్మం మెత్తబడుతుంది, కండ తగ్గడం మొదలవుతుంది, కొవ్వు తుంటి, తొడల వైపు చేరుతుంది, రొమ్ములు మొగ్గ తొడుగుతాయి. రొమ్ములు పూర్తిగా ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ముఖం మీది వెంట్రుక పలచబడటానికి అంతకంటే ఎక్కువ కాలం కావాలి, అదీ పూర్తిగా పోదు. చిమటా, లేజర్, ఎలక్ట్రోలిసిస్‌లలో ఏదో ఒకటి తప్పదు. ఒకసారి బొంగురుపడ్డ గొంతును ఈస్ట్రోజెన్ మార్చలేదు. గొంతుకు వేరే సాధన చేయాలి, నేర్పే స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు.

ఈ గడువులు తెలియక ఎంతమంది బిడ్డలు మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని, త్వరగా మారాలని రోజుకు రెండూ మూడూ మింగుతున్నారో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండే ఎథినైల్ ఎస్ట్రడయాల్ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఈ వైద్యానికి దాన్ని వాడవద్దని నిపుణులు చెబుతారు. మోతాదు పెంచినంత మాత్రాన మార్పు వేగంగా రాదు. రక్తపరీక్షలు చేయించుకుంటూ వైద్యుల పర్యవేక్షణలో వాడాలి. పిల్లలు కావాలనే ఆలోచన ఉంటే వీర్యం భద్రపరచుకునే సంగతి మందు మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. రేవతి తరానికి ఇవేవీ చెప్పినవాళ్లు లేరు. చెప్పే వైద్యుడు లేనిచోట గురువే వైద్యుడు, తల్లి, పోలీసు కూడా అయింది.

పోలీసు అని ఊరికే అనలేదు. జమాత్‌ను స్వర్గంలా చూపించే ప్రలోభానికి రేవతి లొంగలేదు. గురువు తల్లి, గురువుకు గురువు నాని, తోటి చేలాలు అక్కచెల్లెళ్లు. ముంబయిలో ఏడు ఇళ్లు, ఒక్కో ఇంటికి పెద్దలు, పంచాయితీ, జరిమానా. కన్నవాళ్లు గెంటేసిన పిల్లకు తిండి, పడక, పేరు, వంశం అన్నీ ఒక్కరోజులో ఇచ్చే ఏర్పాటు ఇది. దుకాణాల దగ్గర అడిగి తెచ్చిన డబ్బు గురువు చేతికి ఇవ్వాలి, ఇల్లంతా చాకిరీ చేయాలి, అనుమతి లేకుండా గడప దాటకూడదు. ఎదిరిస్తే జుట్టు కత్తిరిస్తారనే భయం ఇక్కడా ఉంది. ప్రేమించిన చేతులే కట్టడి చేసిన తీరును ఆమె ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టగలరు. ఆసరా అంటే మెత్తటి మాట అనుకునేవాళ్లకు ఈ భాగం చాలా నేర్పుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా ఏదో ఒకటి చెల్లించాలి. రేవతి ఏం చెల్లించారో పైసలతో సహా చెబుతారు.

కోరిక గురించి రాసిన తీరు ఇంకో ఎత్తు. గురువు దగ్గర అడుక్కుని బతికే దారి ఉండగా ధంధాలోకి (సెక్స్ వర్క్‌లోకి) ఎందుకు వెళ్లారంటే, బలవంతం చేశారనో, ఆకలి తోసిందనో చెప్పి తప్పుకోలేదు. మగవాడి స్పర్శ కావాలనిపించింది, ఆడదాన్నయ్యాక ఆడదానిగా కోరబడాలనిపించింది అని ఒప్పుకున్నారు. అక్కడ రౌడీల చేతుల్లో, తర్వాత బెంగళూరులో పోలీసుల చేతుల్లో ఆ దేహం పడ్డ హింస చదవలేనంత దారుణం. దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పను. ఒక్కమాట మాత్రం చెప్పాలి. కోరికను అంత తేటగా చెప్పిన మనిషి కాబట్టే, అత్యాచారాన్ని అత్యాచారం అన్నప్పుడు ఎవరూ అడ్డు మాట్లాడలేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో కోర్టులకు, స్టేషన్లకు అర్థం కానిది, ఈ పుస్తకం చదివినవాళ్లకు అర్థమవుతుంది.

1999లో సంగమ మొదలయ్యాక ఆమెకు దొరికిన ఆసరా తీరు మారింది. చిన్న జీతమే అయినా ఆఫీసు, కుర్చీ, పుస్తకాలు, సభలు. తన మీద జరిగింది తన ఖర్మ కాదని, హక్కుకు పడ్డ గండి అని అక్కడే అర్థమైంది. నిజం చెప్పాలంటే ఈ భాగంలో వచనం కొంచెం పలచబడింది. సమావేశాలు, ప్రయాణాలు, బాధ్యతలు వరుసగా వచ్చిపోతాయి, ముందరి అధ్యాయాల్లోని చెమట వాసన తగ్గుతుంది. పెళ్లి, అది నిలవకపోవడం, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి ఊరు చేరడం వచ్చేసరికి మళ్లీ పాత రేవతి దొరుకుతారు. తరిమిన ఇంట్లోనే అమ్మకు సేవ చేస్తూ, ఆస్తిలో వాటా దగ్గర అన్నలతో గొడవపడుతూ, ఆ ఇంటికి తాను కొడుకా కూతురా అన్న ప్రశ్నకు ఎవరి జవాబు కోసమూ ఆగకుండా ఉండటం చాలా సహజంగా రాశారు.

సత్యవతి గారి చేతికి ఈ పుస్తకం రావడం తెలుగు అదృష్టం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ 'ఇల్లలకగానే' రాసిన రచయిత్రి ఆవిడ. పోయిన పేరును వెతుక్కునే స్త్రీని సృష్టించిన చేత్తోనే, పెట్టిన పేరును వదిలి కావలసిన పేరును సాధించుకున్న స్త్రీ కథ తెలుగు చేశారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు కావడంతో ఇంగ్లీషు వాక్యం బరువు ఎక్కడ పడుతుందో ఆవిడకు తెలుసు, కథకురాలు కావడంతో దాన్ని ఎక్కడ దించాలో కూడా తెలుసు. జాలి పుట్టించే మాట వాడే అవకాశం పేజీకి నాలుగుసార్లు వచ్చే పుస్తకంలో ఆ మాటను దూరంగా ఉంచారు. మూలం కోరింది కూడా అదే. సమాజం నుంచో ప్రభుత్వం నుంచో జాలి ఆశించి రాయడం లేదని, ఇక్కడ బతికే హక్కు తమకూ ఉందని చూపడానికే రాస్తున్నానని రేవతి ముందుమాటలోనే చెప్పారు.

పుస్తకం వచ్చాక దేశంలో కొన్ని మారాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ఉందని 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో చెప్పింది. హార్మోన్ వైద్యం, లింగమార్పిడి శస్త్రచికిత్సలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయాలని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలో రాశారు. నిజాం కాలం నాటి తెలంగాణ నపుంసకుల చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. రేవతి పేరు 2019లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందు టోనీ మారిసన్, మాయా ఏంజెలో పేర్ల పక్కన బ్యానరు మీద కనిపించింది. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ప్రభుత్వ వైద్యులుగా చేరారు. ఆస్పత్రివాళ్ల నిర్లక్ష్యాన్ని రేవతి ఎలా రాశారో చదివినవాళ్లకు ఈ చివరి సంగతి విలువ బాగా తెలుస్తుంది.

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో కొడుకనుకున్న బిడ్డ తాను కూతురినని చెబితే దెబ్బకీ కత్తెరకీ పని చెప్పకండి. ఈ పుస్తకం తెచ్చి మీరు చదవండి. ఆ బిడ్డ మాత్రలు కొనడానికి ఒంటరిగా మందుల దుకాణానికి వెళ్లకముందే, ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి మీరే తోడు వెళ్లండి.